లేయర్ మేత, పద్నాలుగు నెలల వాడకం తర్వాత: బూజు విషం విషయంలో ఈ మిల్లును ఎంతవరకు నమ్మవచ్చు

తూర్పు గోదావరి జిల్లాలో పదివేల గుడ్ల కోళ్లున్న షెడ్డు మాది. సొంతంగా మేత ఆడించుకోవడం మానేసి, 2023 మే నుంచి 2024 జూన్ వరకు మాకు దగ్గరలోని ఒక ఫీడ్ మిల్లు తయారు చేసే లేయర్ మ్యాష్‌నే, అంటే గుడ్లు పెట్టే కోళ్ల పొడి మేతనే, వాడాను. మిల్లు పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే లోపం ఆ ఒక్క మిల్లుకే పరిమితమైనది కాదు, పైగా అది బయటపడ్డాక వారు దాన్ని దిద్దుకోవడానికి నిజంగానే ప్రయత్నించారు. రెడీమేడ్ మేత కొనాలా, సొంతంగా ఆడించుకోవాలా అని ఆలోచిస్తున్న రైతులకు ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

సాధారణ నాణ్యత గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. యాభై కిలోల బస్తా తూకం ఎప్పుడూ తగ్గలేదు, మేత నలిగిన తీరు ఎప్పుడూ ఒకేలా ఉంది, గుల్ల పలుకులు తగినంత పెద్దవిగా ఉండటంతో గుడ్డు పెంకు గట్టిదనం గురించి ఫిర్యాదు లేదు. మేత అడుగున పిండి మిగిలిపోవడం చాలా తక్కువ. ఎండాకాలంలో కూడా గుడ్ల దిగుబడి తొంభై శాతానికి (వంద కోళ్లకు రోజుకు తొంభై గుడ్లకు) అటూ ఇటూగా నిలబడింది. వీటన్నిటిలో మిల్లుకు మంచి మార్కులే వేస్తాను.

నేను ఈ మేత వైపు మొగ్గడానికి అసలు కారణం బస్తా మీద పెద్ద అక్షరాలతో ఉన్న ఒక వాక్యం: ‘వేరుశనగ చెక్క కలపబడలేదు’. మా నాన్నగారి కాలం నుంచి కోళ్లు పెంచుతున్న వాళ్లెవరైనా మేత చూడగానే మొదట అడిగేది నూనె తీశాక మిగిలే ఆ చెక్క వేశారా అనే. దానికి కారణముంది. 1960లో ఇంగ్లండులో దాదాపు లక్ష టర్కీ కోళ్లు అంతుచిక్కని వ్యాధితో చనిపోయినప్పుడు, పేరు కూడా తెలియక దాన్ని ‘టర్కీ ఎక్స్’ అని పిలిచారు. చివరకు తప్పు బ్రెజిల్ నుంచి దిగుమతైన వేరుశనగ చెక్కదని తేలింది. ఆ చెక్కలో పెరిగిన ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పేరులోని అక్షరాలను కలిపే, అది వదిలే విషానికి అఫ్లాటాక్సిన్ అన్న పేరు పెట్టారు. పంట చివరి దశలో వాన మొహం చాటేస్తే నేలలో ఉన్న కాయలోకే ఈ బూజు చేరుతుంది కాబట్టి, కరువు సీమ అనంతపురం వేరుశనగను దశాబ్దాలుగా పండిస్తున్న మన రాష్ట్రంలో ఈ భయం ఊరకే పుట్టింది కాదు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వేరుశనగలో ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో గుర్తించే పరీక్షలు తయారు చేయడానికి ఏళ్ల తరబడి శ్రమించింది కూడా అందుకే.

అయితే చెక్క లేదన్న హామీని నేను అతిగా నమ్మాను. లేయర్ మేతలో సగానికి పైగా ఉండేది మొక్కజొన్న. చెక్కను తీసేసినంత మాత్రాన బూజు విషానికి దారి మూసుకుపోదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామాల్లో కామెర్లతో మనుషులే చనిపోయినప్పుడు, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు వెళ్లి పరీక్షించగా కారణం వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న అని తేలింది. ఆ ఒక్క ఉదంతంలో 106 మంది ప్రాణాలు కోల్పోయారు. మొక్కజొన్న ఎంత ప్రమాదం తేగలదో యాభై ఏళ్ల క్రితమే హైదరాబాదు నుంచి వెళ్లిన వారు లోకానికి చెప్పినా, మేత బస్తా మీద ఇంకా చెక్క గురించి మాత్రమే రాస్తున్నారు, మేము అది చదివి ఊరట పడుతున్నాము.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారమంతా మా ప్రాంతంలోనూ ముసురే. డిసెంబరు 14న మాకు పది టన్నుల లోడు, అంటే రెండు వందల బస్తాలు దిగాయి. దించుతున్నప్పుడే హమాలీలు ఆరు బస్తాలను పక్కన పెట్టారు, పట్టుకుంటే కుట్టు దగ్గర చెయ్యి తడిగా తగులుతోందని. విప్పి చూస్తే పైన గుప్పెడు లోతు వరకు మేత ఉండలు కట్టి, ముక్కిన వాసన వస్తోంది. ఒక ఉండను చితిపితే లోపల బూడిద రంగు నూగు. ఆ ఆరు బస్తాలూ కోళ్లకు వేయకుండా గోడౌన్ మూలన పెట్టించాను. మిగిలిన 194 బస్తాలను ఒక్కొక్కటిగా తాకి, వాసన చూసి, పొడిగా, శుభ్రంగా ఉన్నాయని తృప్తి పడి మర్నాటి నుంచి వాడటం మొదలుపెట్టాను. ప్రమాదాన్ని పక్కన పెట్టేశానని అనుకున్నాను.

ఏడు రోజులపాటు ఏమీ కనిపించలేదు. ఎనిమిదో రోజు ఉదయం, డిసెంబరు 22న, కోళ్ల పంజరాల కింద రెట్ట పలచగా, నీళ్లుగా ఉన్నట్టు గమనించాను. ఆ రోజు 91 శాతం నుంచి 88కి దిగుబడి పడింది. తర్వాతి వారంలో అది 83 దాకా జారింది, అంటే రోజుకు ఎనిమిది వందల గుడ్ల తరుగు. పెట్టిన గుడ్ల సైజు కూడా తగ్గింది. చనిపోయిన రెండు కోళ్లను మా పశువైద్యుడు నా ఎదుటే కోశారు. ఆరోగ్యంగా ఉన్న కోడి కాలేయం ముదురు ఎరుపులో, వేలితో నొక్కితే తిరిగి లేచేటట్టు ఉంటుంది. ఈ రెండింటిలో అది పాలిపోయిన పసుపు రంగులో, వేలు ఆనించగానే ఉడికిన బంగాళాదుంపలా పొడిపొడిగా విడిపోయింది. మూత్రపిండాలు ఉబ్బి, పాలిపోయి ఉన్నాయి. కాలేయం చెడితే అఫ్లాటాక్సిన్‌ను, మూత్రపిండాలు చెడి రెట్ట పలచబడితే ఆక్రాటాక్సిన్ అనే మరో బూజు విషాన్ని అనుమానించాలని ఆయన చెప్పారు. ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్ లాంటి వైరస్ జబ్బుల్లోనూ దిగుబడి పడుతుంది, మూత్రపిండాలు చెడుతాయి కాబట్టి, రక్త నమూనాలు పంపి ఆ అనుమానం తీరిన తర్వాతనే మేతను తప్పు పట్టాలని కూడా గట్టిగా అన్నారు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. రక్తపరీక్షల్లో వైరస్ ఆధారాలు దొరకలేదు.

ఇక్కడ ప్రతి రైతూ గుర్తుంచుకోవలసిన ఇబ్బంది ఒకటుంది. పదివేల కోళ్లు రోజుకు పదకొండు క్వింటాళ్లు, అంటే 22 బస్తాలు తింటాయి. కోళ్లు తమ కష్టాన్ని గుడ్ల లెక్కలో చూపించే సరికి ఆ లోడులో 154 బస్తాలు అయిపోయాయి. మిగిలినవి 40, మూలన పెట్టిన తడి బస్తాలు 6. నమూనా తీసుకోవడానికి నా అదృష్టం కొద్దీ అవైనా ఉన్నాయి, ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే సాక్ష్యమంతా కోళ్ల కడుపులోకి పోయేదే.

బస్తాలో పొడిచి గింజ తీసే బోలు ఇనుప గొట్టంతో ప్రతి బస్తాలో పైన, నడుమ, అడుగున పొడిచి తీసి, రెండు రకాల బస్తాల మేతను విడివిడిగా కుప్ప పోసి, బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు ఉంచుకుంటూ అరకిలోకు తెచ్చాము. బూజు విషం మేతలో ఉప్పులా సమంగా కలిసి ఉండదు. ఏవో కొద్ది గింజలే విషంతో నిండి, మిగిలినవి శుభ్రంగా ఉంటాయి. అందుకే పైనుంచి నాలుగు గుప్పిళ్లు తీసి పరీక్షకు పంపితే వచ్చే అంకె మీద ఆధారపడకూడదు. పరీక్ష యంత్రంలో జరిగే పొరపాటు కన్నా నమూనా తీయడంలో జరిగే పొరపాటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ముందు పశువైద్యుడి దగ్గర ఉన్న స్ట్రిప్ కిట్‌తో చూశాము. మేతను మెత్తగా పొడి చేసి, మిథనాల్ కలిపిన నీటిలో గిలకొట్టి, వడపోసి, ఆ ద్రావణంలో కాగితపు పట్టీని ముంచితే కొన్ని నిమిషాల్లో గీతలు వస్తాయి. తడిసి ఉండలు కట్టిన బస్తాల నమూనాకు పట్టీ మీద రెండు గీతలు స్పష్టంగా వచ్చాయి, అంటే విషం హద్దులోనే ఉంది. పొడిగా, శుభ్రంగా కనిపించిన నలభై బస్తాల నమూనాకు రెండో గీత అసలు రాలేదు, అంటే హద్దు దాటినట్టు. మేము నమ్మలేక మళ్లీ చేశాము, మళ్లీ అదే. ఆ తర్వాత హైదరాబాదులోని ఒక ప్రయోగశాలకు, విషం ఎంతుందో కచ్చితంగా కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్షకు పంపితే, తడి బస్తాల్లో అఫ్లాటాక్సిన్ బీ1 12 పీపీబీ (పీపీబీ అంటే వంద కోట్ల భాగాల్లో ఒక భాగం), పొడి బస్తాల్లో 164 పీపీబీ, పైగా ఆక్రాటాక్సిన్ ఏ 38 పీపీబీ అని నివేదిక వచ్చింది.

ఇది ఎలా సాధ్యమో బస్తాల కుట్లకు వేలాడే చీటీలు చూస్తే తెలిసింది. తడి బస్తాలు డిసెంబరు మొదటి వారంలో తయారైనవి. మిల్లు గోడౌన్ రేకు కారి పైన తడిసి, కొత్తగా బూజు పట్టింది తప్ప, లోపలి మొక్కజొన్న మంచిది. పొడి బస్తాలు తర్వాతి బ్యాచ్‌వి. అందులో వాడిన ఖరీఫ్ మొక్కజొన్న అక్టోబరు వానల్లో కోసి, కల్లాల్లో సరిగ్గా ఆరకుండానే అమ్మకానికి వచ్చినది. బూజు అప్పుడే పెరిగి, విషం వదిలి, ఆ తర్వాత గింజ ఎండినప్పుడు చచ్చిపోయింది. మరలో నలిగాక కంటికి కనిపించేది ఏమీ మిగలలేదు. బూజు పోయినా విషం పోదు, మేతను ఆవిరిలో ఉడికించి గుళికలు చేసినా ఆ వేడికి అఫ్లాటాక్సిన్ చెక్కుచెదరదు. కళ్లతో, ముక్కుతో చేసే పరీక్ష మీద నాకున్న నమ్మకం ఆ రోజుతో పోయింది. ఒకే లారీలో రెండు బ్యాచ్‌లు కలిపి పంపడం, ఆ సంగతి బిల్లు మీద రాయకపోవడం మిల్లు చేసిన మొదటి తప్పు.

భారత ప్రమాణాల సంస్థ కోళ్ల మేతకు పెట్టిన అఫ్లాటాక్సిన్ బీ1 హద్దు 20 పీపీబీ. ఐరోపా సమాఖ్యలోనూ కోళ్ల మేతకు అంతే. నా షెడ్డు నెలన్నర పాటు తినే యాభై టన్నుల మేతలో ఒక్క గ్రాము విషం ఉంటే ఆ హద్దుకు చేరినట్టు. అమెరికాలో పెద్ద కోళ్లకు వంద పీపీబీ వరకు అనుమతిస్తారు. మా లోడు ఆ ఉదారమైన హద్దును కూడా దాటిపోయింది. ఎదిగిన లేయర్ కోడి ఒక్క అఫ్లాటాక్సిన్‌ను కొంతవరకు తట్టుకోగలదు, కానీ దానికి ఆక్రాటాక్సిన్ తోడైతే రెండూ కలిసి కొట్టే దెబ్బ వేరు. అంతకన్నా నన్ను కలవరపెట్టింది టీకాల సంగతి. అఫ్లాటాక్సిన్ రోగనిరోధక శక్తిని కూడా దెబ్బతీస్తుంది. ఆ నెలలో చూసిన కొక్కెర తెగులు టైటర్లు (టీకా ఇచ్చిన రక్షణను రక్తంలో కొలిచే అంకెలు) అంతకుముందు కన్నా తక్కువగా, కోడి కోడికీ పొంతన లేకుండా వచ్చాయి, మళ్లీ టీకా వేయవలసి వచ్చింది. తినేవారి విషయానికొస్తే, పాలలోకి దిగినట్టుగా ఈ విషం గుడ్డులోకి దిగదు, చేరేది అతి స్వల్పం. అయినా హద్దు దాటిన మేత తిన్న కోళ్ల గుడ్లు అమ్ముతున్నామన్న ఆలోచన ఏ రైతుకూ నిద్ర పట్టనివ్వదు.

మిల్లు వారి మొదటి జవాబు నిరాశ కలిగించింది. తమ నివేదికలో 8 పీపీబీ మాత్రమే ఉందని ఒక కాగితం పంపారు. తేదీ చూస్తే అది నవంబరు బ్యాచ్‌ది. తర్వాత, మేతలో టాక్సిన్ బైండర్ కలుపుతున్నాము కదా అన్నారు. బస్తా మీద కూడా ‘టాక్సిన్ బైండర్ కలదు’ అని ఉంటుంది, ఏ రకమో, టన్నుకు ఎంతో ఉండదు. బెంటొనైట్ లాంటి మట్టి బైండర్లు అఫ్లాటాక్సిన్‌ను పేగులో పట్టి ఉంచడంలో సమర్థమైనవే, కానీ ఆక్రాటాక్సిన్ మీద, టీ-2 అనే మరో బూజు విషం మీద వాటి పని అంతంతమాత్రం. మేతలో కలిపే ప్రొపియోనిక్ ఆమ్లం బూజు కొత్తగా పెరగకుండా ఆపుతుంది, అప్పటికే ఉన్న విషాన్ని ఏమీ చేయదు. చెడ్డ మొక్కజొన్న కొని, బైండర్ ఉంది కదా అని ధీమాగా ఉండటం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. అంతకన్నా ప్రమాదకరమైన అలవాటు, చెడ్డ సరుకును మంచి సరుకులో కొద్దికొద్దిగా కలిపి అంకెను హద్దులోకి తేవడం. ఐరోపాలో ఇది నిషిద్ధం. మన దగ్గర ఇది మామూలు వ్యాపార నేర్పుగా చలామణి అవుతోంది.

అయితే మిల్లు యజమాని తమ దగ్గర దాచి ఉంచిన నమూనాను తమ ఖర్చుతో వేరే ప్రయోగశాలలో పరీక్ష చేయించారు. అందులోనూ 150 దాటడంతో తప్పును ఒప్పుకున్నారు. నలభై బస్తాలు వెనక్కి తీసుకుని, ఆ లోడు ధరలో సగం తదుపరి బిల్లుల్లో తగ్గించారు. నాకు జరిగిన నష్టం దానితో పూడలేదు, మళ్లీ 90 శాతానికి రావడానికి ఐదు వారాలు పట్టింది. కానీ ప్రతి బ్యాచ్ నుంచి నమూనా దాచి ఉంచే మిల్లులు ఎన్ని ఉన్నాయి? ఆ ఒక్క కారణం చేతనే వారిని వదిలి వెళ్లలేదు.

ఫిబ్రవరిలో మిల్లుకు స్వయంగా వెళ్లి, మొక్కజొన్న లారీ దిగే చోట పూట మొత్తం నిలబడ్డాను. తేమ కొలిచే మీటరు ఉంది, 14 శాతం దాటితే లారీని తిప్పి పంపుతున్నారు. చిన్న చీకటి గదిలో అతినీల లోహిత దీపం కింద నలిపిన గింజలను పరిచి చూస్తున్నారు. అందులో ఒకటి రెండు పలుకులు మిణుగురులా పసుపు పచ్చగా మెరవడం నేనూ చూశాను. ఆ మెరుపు విషానిది కాదు, ఆస్పర్‌జిల్లస్ బూజు వదిలే మరొక పదార్థానిది. బూజు అక్కడ పెరిగిందని మాత్రం అది చెబుతుంది. విషాన్ని వేరుచేసి చూస్తే దానికీ మెరుపు ఉంటుంది: నీలంగా మెరిసేవాటికి బీ అని, ఆకుపచ్చగా మెరిసేవాటికి జీ అని పేర్లు పెట్టింది ఆ రంగుల ఆంగ్ల పేర్లను బట్టే. దీపం కింద మెరుపు కనిపించిన లారీ నుంచి మాత్రమే స్ట్రిప్ పరీక్ష చేస్తున్నారు. ప్రతి లారీకీ చేయాలన్నది నా అభిప్రాయం, ఎందుకంటే ఆక్రాటాక్సిన్, టీ-2 ఉన్న గింజలు ఆ మెరుపుకు చిక్కవు.

ఆ రోజు నన్ను ఆలోచింపజేసింది ఇంకొకటి, గోడౌన్‌లో డీడీజీఎస్ బస్తాల గుట్ట. ఇథనాల్ కర్మాగారాల్లో బియ్యం, మొక్కజొన్న పులియబెట్టి స్పిరిట్ తీసిన తర్వాత మిగిలే ఈ పిండి సోయా కన్నా చౌక, మాంసకృత్తులూ బాగానే ఉంటాయి. కానీ గింజలోని పిండి పదార్థమంతా స్పిరిట్‌గా వెళ్లిపోగా, ఆ గింజలో ఉన్న బూజు విషం మిగిలిన పొట్టులో దాదాపు మూడు రెట్లు చిక్కబడుతుంది. మొక్కజొన్న లారీకి చేసిన పరీక్షలేవీ ఈ బస్తాలకు చేయడం లేదు. అడిగితే కంపెనీ సర్టిఫికెట్ ఉందన్నారు. ఇది ఈ మేతలో ఇప్పటికీ మిగిలి ఉన్న పెద్ద బలహీనత.

ఏప్రిల్ నుంచి రబీ మొక్కజొన్న వచ్చాక మేత నాణ్యత బాగుంది. ఎండలో బాగా ఎండి వచ్చే ఆ గింజతో చేసిన నాలుగు లోడులను నా ఖర్చుతో పరీక్షిస్తే ఏదీ 10 పీపీబీ దాటలేదు. కాబట్టి ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు గుడ్లు పెట్టే కోళ్లకు ఈ మేతను ధైర్యంగా సిఫారసు చేస్తాను. సెప్టెంబరు నుంచి జనవరి వరకు మాత్రం, ఆ బ్యాచ్ నంబరుతోనే ఉన్న నివేదిక బిల్లుతో పాటు వస్తే తప్ప తీసుకోవద్దంటాను. కోడిపిల్లల మేత, గ్రోయర్ (ఇంకా ఎదుగుతున్న కోళ్ల) మేత ఆ నెలల్లో ఇక్కడ కొనవద్దు. ఎదిగిన కోడి తట్టుకునే విషాన్ని పిల్ల తట్టుకోలేదు, బాతులను పెంచేవారైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇప్పుడు లోడు దిగిన వెంటనే చీటీల తేదీలు చూసి బ్యాచ్‌లను వేరువేరుగా పేర్పించి, ఒక్కో బ్యాచ్ నుంచి అరకిలో తీసి, తేదీ రాసి, డబ్బాలో మూత పెట్టి నలభై రోజులు ఉంచుతున్నాను. జూన్ లోడుతో వచ్చిన నివేదికలో మొదటిసారిగా మా బస్తాల బ్యాచ్ నంబరే కనిపించింది. దానిలో అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉంది, ఆక్రాటాక్సిన్ లేదు. ఖరీఫ్ మొక్కజొన్న కొనడం మొదలయ్యే నాటికి అదీ చేర్చుతామని మిల్లు వారు మాట ఇచ్చారు. అప్పటిదాకా ఆ పరీక్ష ఖర్చు నేనే పెట్టుకుంటున్నాను.